జూడోలో గౌరవానికి కొలత ఏది?

బ్రెజిల్ జియు-జిట్సు నేర్చుకునే విద్యార్థి రియో డి జనీరోలో ఉన్నా, హైదరాబాదులో ఏదో అద్దె హాలులో సాధన చేస్తున్నా, మొదటి కొన్ని నెలల్లోనే ఒక పట్టు నేర్చుకుంటాడు. ఎదుటివాడి మణికట్టును ఒక చేత్తో బిగించి, రెండో చేతిని అతని మోచేతి పైనుంచి చుట్టి తెచ్చి తన మణికట్టునే పట్టుకుని, అతని చేతిని వీపు వైపుకు మెలిపెట్టే పట్టు అది. మెలిక పూర్తయిందంటే భుజం కీలు తట్టుకోలేదు. జపాన్‌లో దీనికి 'ఉదె-గరామి' అనే పేరు ముందునుంచే ఉంది. చేతికి వేసే మెలిబంధం అని దాని అర్థం. జియు-జిట్సు వాళ్లు మాత్రం దీన్ని 'కిముర' అంటారు. 1951 అక్టోబరు 23న రియోలోని మరకనా స్టేడియంలో మసహికో కిముర అనే జూడో యోధుడు ఈ పట్టుతోనే ఎలియో గ్రేసీ చేయి విరిచాడు. బ్రెజిల్‌లో ఆ విద్యను నిలబెట్టిన గ్రేసీ సోదరుల్లో ఎలియో ఒకడు. చేయి విరుగుతున్నా అతను ఓటమి ఒప్పుకుంటూ మ్యాట్ తట్టలేదు. చివరకు అతని పక్షంవారే పోటీ ఆపించారు. తమ మనిషి చేయి విరిచిన పట్టును ఆ విద్యాపరంపర తరతరాలుగా గెలిచినవాడి పేరుతోనే పిలుచుకుంటోంది.

ఇదే కిమురకు జూడో పుట్టినిల్లయిన కొడొకాన్ సంస్థ ఏడో దాన్‌ను, అంటే ఏడో మెట్టును, మించిన హోదా ఎన్నడూ ఇవ్వలేదు. జపాన్‌లో ఆ కాలపు సామాన్య ప్రేక్షకులకేమో అతను 1954 డిసెంబరులో టీవీ తెరమీద రికిదోజాన్ అనే ప్రొఫెషనల్ మల్లుడి చేతిలో చావుదెబ్బలు తిని పడిపోయిన మనిషిగా గుర్తుండిపోయాడు. అంటే ఒకే మనిషిమీద మూడు ఖాతాలు నడిచాయి. సంస్థ రాసుకున్నది ఒకటి, జనం మనసులో పడినది ఇంకొకటి, అతనిలాగే మ్యాట్‌మీద పడిలేచినవాళ్లు తమలో తాము రాసుకున్నది మూడోది. యుద్ధవిద్యల్లో 'గొప్పవాళ్లు ఎవరు' అనే చర్చ ఎప్పుడూ తెగకపోవడానికి ఈ మూడింటినీ కలిపి లెక్కవేయడమే ముఖ్యకారణమని నాకు అనిపిస్తుంది. ఈ వ్యాసంలో జూడోను మాత్రమే తీసుకుని ఆ మూడో ఖాతా ఎలా రాయబడుతుందో, అది మిగిలిన రెండింటితో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో చూద్దాం.

ముందుగా సంస్థ ఖాతా సంగతి. జిగొరొ కానో 1882లో టోక్యోలోని ఎయిషో-జి అనే బౌద్ధాలయంలో 12 చాపలు పరిచిన చిన్న గదిలో కొడొకాన్‌ను స్థాపించాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్లు. అంతకుముందు జపాన్ పాత పోరాటవిద్య అయిన జుజుత్సు సంప్రదాయాల్లో శిష్యుడి స్థాయిని చెప్పడానికి గురువు ఇచ్చే లిఖిత పత్రాలు కొన్ని మాత్రమే ఉండేవి. ఒక పత్రానికీ మరో పత్రానికీ మధ్య ఏళ్లకు ఏళ్లు గడిచేవి. అంత దూరం మెట్టు లేకుండా నడవమంటే విద్యార్థి ఉత్సాహం చచ్చిపోతుందని కానో భావించి, దగ్గర దగ్గరగా మెట్లు కట్టాడు. అవే దాన్‌లు. 1883లో తొలి దాన్‌ను ఇద్దరు శిష్యులకు ఇచ్చాడు. నేడు మన ఊళ్లలో కరాటే క్లాసు బయట పిల్లలు పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు బెల్టులతో కనబడుతుంటే మనం చూస్తున్నది ఆయన ఆలోచనకు మునిమనవలనే. కరాటే, టేక్వాండో వంటి విద్యలన్నీ ఆ పద్ధతిని జూడో నుంచే అందుకున్నాయి; రంగులు చాలావరకు తరువాత ఐరోపాలో విస్తరించాయి.

నేర్చుకునేవాడు దారిలో నిలిచిపోకుండా చూడటమే ఆ మెట్ల ఉద్దేశం కనుక, దాన్ మొదటినుంచీ బలానికి మాత్రమే కొలత కాదు. కింది దాన్‌లలో పోటీ గెలుపులకు పెద్ద విలువ ఉన్నా, పైకి పోయేకొద్దీ బోధన, కతా అనే నిర్ణీత సాధనక్రమాలలో పట్టు, సంస్థకు చేసిన సేవ, గడిచిన ఏళ్లు ఎక్కువ తూగుతాయి. పదో దాన్ అంటే అందరికంటే బలమైనవాడు అనుకునే సామాన్యుడు ఇక్కడే పొరబడతాడు. కొడొకాన్ 2006 జనవరిలో ముగ్గురికి ఒకేసారి పదో దాన్ ఇచ్చిన నాటికి, సంస్థ పుట్టినప్పటినుంచి ఆ హోదా పొందినవారి సంఖ్య 15కు చేరింది. ఆ 15 మందిలో స్త్రీ ఒక్కరూ లేరు. ఈ విషయం దగ్గరికి మళ్లీ వస్తాను.

సాధకుల ఖాతా వేరే చోట మొదలవుతుంది. జూడోలో 'రందోరి' అనే సాధన ఉంది. ఇద్దరు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, ముందుగా ఏమీ నిర్ణయించుకోకుండా, పూర్తి ప్రతిఘటనతో ఒకరినొకరు పడగొట్టే ప్రయత్నం చేయడమే రందోరి. పాత జుజుత్సులోని గుద్దులు, తన్నులు, ప్రాణాంతకమైన మెలికలు కానో కతాలకు పరిమితం చేసి, పడవేయడం, అదిమిపట్టడం, కొన్ని బంధాలు మాత్రమే రందోరికి మిగిల్చాడు. చూడటానికి ఇది విద్యను మెత్తబరచినట్టు ఉంటుంది. ఫలితం మాత్రం తలకిందులైంది: ప్రమాదం తగ్గినందువల్ల రోజూ పూర్తి బలంతో సాధన చేయడం సాధ్యమైంది, రోజూ పూర్తి బలంతో సాధన చేయడంవల్ల ఎవరిది మాట, ఎవరిది చేత అన్నది దాచుకునే వీలు లేకుండా పోయింది. మ్యాట్‌మీద ఎదుటివాడు గాలిలోకి లేచాడా లేదా అన్నదానికి హోదా, వయసు, కులం, చదువు అడ్డురావు. సాధకులకు ఒకరిమీద ఒకరికి కలిగే గౌరవంలో మొదటి పొర ఇదే. అది కంటితో చూసి వచ్చింది కాదు, వీపు నేలకు తగిలి వచ్చింది.

కానో జీవితంలోనే దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. కితో-ర్యు అనే జుజుత్సు సంప్రదాయంలో ఆయన గురువు ఇయికుబొ త్సునెతొషి. యాభై దాటినా పడగొట్టే విద్యలో కానో ఆయనకు ఎదురు నిలవలేకపోయేవాడు. ఒకరోజు రందోరిలో కథ మారింది. కానో గురువును వరుసగా పడగొట్టాడు. గురువు విసుర్లు ఒక్కటీ పనిచేయలేదు. ఆశ్చర్యపోయిన గురువు కారణం అడిగితే, ఎదుటివాడి శరీరపు తూకాన్ని ముందు చెడగొట్టి ఆ తరువాతే విసరాలని తాను గ్రహించినట్టు శిష్యుడు వివరించాడు. గురువు విని, నువ్వు చెప్పింది నిజం, ఇకమీదట నేను నీకు నేర్పవలసింది లేదని ఒప్పుకుని, కొద్ది కాలానికే తన సంప్రదాయంలో పూర్తి అధికార పత్రం ఇచ్చాడు. కానో తన జ్ఞాపకాల్లో చెప్పుకున్న సంగతి ఇది. కానోను మెచ్చుకోవడం సులభమే కానీ, సాధకులు ఈ కథ చెప్పుకునేటప్పుడు సాధారణంగా నిలిచేది గురువు దగ్గరే. పడిపోయి లేచి, 'ఎలా చేశావు' అని శిష్యుణ్ని అడగగలగడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకే తెలుసు.

ఆ తూకం చెడగొట్టే పనినే జపనీయులు 'కుజుషి' అంటారు. ప్రేక్షకుడికి కనబడేది ఎదుటివాడు గిర్రున తిరిగి నేలకూలడం. అసలు పని దానికి అరక్షణం ముందే, చొక్కా మడతలోని నాలుగు వేళ్ల లాగుడులో పూర్తయిపోతుంది. క్యుజో మిఫునె పేరు జూడో బయట ఎక్కువమందికి తెలియకపోయినా, లోపల మాత్రం పూజ్యంగా వినబడటానికి కారణం ఇదే. 1883లో పుట్టిన మిఫునె ఎత్తు 160 సెంటీమీటర్ల లోపు, బరువు 55 కిలోల చుట్టూ. 1945లో పదో దాన్ అందుకున్నాడు. నడుమును గానీ కాలిని గానీ అడ్డుపెట్టకుండా, చేతులతో లాగే దిశను, తాను అడుగువేసే క్షణాన్ని మాత్రమే ఆధారం చేసుకుని మనిషిని పడగొట్టే విసురు ఒకటి ఆయన రూపొందించాడు. దానికి 'గాలి విసురు' అని పేరు. డెబ్బై దాటిన వయసులో తనకంటే ఎంతో పెద్ద శరీరాలున్న యువకులతో ఆయన రందోరి చేస్తున్న పాత చిత్రాలు నేటికీ తిరుగుతూనే ఉన్నాయి.

ఆ చిత్రాలమీద అనుమానం కూడా న్యాయమైనదే. పదో దాన్ ముసలాయనను, అదీ కెమెరా ముందు, ఏ శిష్యుడు నిజంగా పడగొట్టడానికి తెగిస్తాడు? ఆయనకు ఎదురుగా ఉన్నవాళ్లు కొంత చేయి వదిలి ఉంటారని ఒప్పుకోవలసిందే. అయినా అనుభవజ్ఞులు ఆ చిత్రాల్లో చూసేది విసుర్లను కాదు. యువకుడు ఆయనను ఎత్తి విసిరినప్పుడు గాలిలోనే పిల్లిలా తిరిగి పాదాలమీద వాలడం, ఎవరూ తోయకపోయినా తన బరువు ఎప్పుడూ రెండు పాదాల మధ్యనే నిలుపుకోవడం చూస్తారు. శిష్యుడు మర్యాదకు పడిపోవచ్చు. గురువు పాదాలను నేలమీద సరిగ్గా నిలబెట్టడం మర్యాద చేతిలో లేదు. సాధకుడి మెచ్చుకోలు ఎక్కడ వాలుతుందో ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

ఇప్పుడు మళ్లీ కిముర. కుమమొతొలో 1917లో పేదరికంలో పుట్టిన ఈ మనిషి 1937 నుంచి వరుసగా మూడేళ్లు అఖిల జపాన్ విజేత. 1940లో చక్రవర్తి సమక్షంలో జరిగిన పోటీ కూడా గెలిచాడు. యుద్ధం తరువాత 1949లో ఇషికవా అనే యోధుడితో తలపడి, ఎవరూ గెలవక ఇద్దరూ కలిసి బిరుదు పంచుకున్నారు. జూడోలో మొత్తంమీద నాలుగుసార్లే ఓడాడని చెబుతారు. ఆ ఓటముల తరువాత కుర్రతనంలో జూడో మానేద్దామనుకుని, మనసు మార్చుకుని, మిగతావాళ్లు చేసేదానికి మూడు రెట్లు సాధన చేస్తే తప్ప మిగలనని నిశ్చయించుకున్నాడు. రోజుకు తొమ్మిది గంటలకు మించి సాధన చేసేవాడినని, రాత్రిపూట చెట్టును ప్రత్యర్థిగా భావించి కాలితో కోసి పడగొట్టే 'ఓసోతొ-గారి' విసురును దానిమీదే అభ్యసించానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ విసురుకు గురైనవాళ్లు స్పృహ తప్పుతుంటే, రందోరిలో దయచేసి అది వాడవద్దని తోటివాళ్లు బతిమాలేవారట. 'కిమురకు ముందు కిముర లేడు, కిముర తరువాత కిముర లేడు' అన్న జపాన్ మాట ఈ కాలంలో పుట్టింది.

అలాంటివాడికి కొడొకాన్ ఏడో దాన్ దగ్గర గీత గీయడం వెనుక ఉన్నది నైపుణ్యపు ప్రశ్న కాదు. 1950లో తన గురువు ఉషిజిమ తత్సుకుమ మొదలుపెట్టిన ప్రొఫెషనల్ జూడో సంఘంలో కిముర చేరాడు. భార్యకు క్షయ, మందులకు డబ్బు కావాలి. ఆ సంఘం నెలల్లోనే కూలిపోగా విదేశాల్లో ప్రదర్శనలకు, ప్రొఫెషనల్ కుస్తీకి పోయాడు. మరకనా పోటీ ఆ తిరుగుడులో భాగమే. విద్యను డబ్బుకు ప్రదర్శించినవాడిని ఆదర్శంగా నిలబెట్టడం విద్యాసంస్థగా తనను తాను చూసుకునే కొడొకాన్‌కు ఇష్టం లేకపోయింది. సంస్థ దృష్టిలో దీనికి ఒక తర్కం లేకపోలేదు. జూడో శారీరక విద్యగా పాఠశాలల్లోకి వెళ్లగలగడానికి కానో జీవితమంతా పోరాడింది ఈ ప్రదర్శనల బాపతు నుంచి దాన్ని వేరుచేయడానికే. కానీ ఆకలికి, రోగానికి తాళలేక తీసుకున్న నిర్ణయాన్ని హోదా పట్టికలో జీవితాంతం శిక్షగా మార్చడం నాకు ఏనాడూ సబబుగా తోచలేదు.

రికిదోజాన్‌తో పోటీ సంగతి ఇంకా చిత్రమైనది. కిముర చెప్పిన ప్రకారం ఆ కుస్తీ ఎలా ముగియాలో ముందే మాట్లాడుకున్నారు. రికిదోజాన్ మధ్యలో ఒప్పందం తప్పి నిజంగా కొట్టడం మొదలుపెట్టాడు. టీవీ అప్పుడప్పుడే వచ్చిన జపాన్‌లో వీధుల్లో గుమికూడి చూసిన జనానికి ఈ లోగుట్టు తెలియదు, తెలిసినా పట్టదు. వాళ్లకు కనబడింది ఒకడు నిలబడ్డాడు, ఒకడు పడిపోయాడు. మూడు ఖాతాలకూ మధ్య దూరం ఇంత పెద్దగా పెరగడం అరుదు. తరువాతి కాలంలో కిముర తాను చదివిన తకుషొకు విశ్వవిద్యాలయంలో గురువయ్యాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన కెనడా వాడు డగ్ రోజర్స్ అక్కడ ఆయన దగ్గర సాధన చేశాడు. ఆయన శిష్యుడు ఇవత్సురి 1971లో అఖిల జపాన్ విజేత అయ్యాడు. 1993లో కిముర మరణించాడు. సంస్థ హోదా పెంచలేదు, జనం మరిచిపోయారు, అయినా ఆ పేరు ఇవాళ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ప్రతి గంటా ఏదో ఒక మ్యాట్‌మీద పలకబడుతూనే ఉంది.

నైపుణ్యమే అయితే లెక్క సులభం. చిక్కు నడవడి దగ్గర వస్తుంది. 1964లో జూడో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మూడు బరువు విభాగాల స్వర్ణాలు జపాన్‌కే దక్కాయి. బరువుతో నిమిత్తం లేని నాలుగో విభాగమే అసలు పరువు ప్రశ్న, ఎందుకంటే ఒడుపు బలాన్ని గెలుస్తుందన్న జూడో మూలవాక్యం అక్కడే తేలాలి. అక్టోబరు 23న నిప్పోన్ బుదోకాన్‌లో డచ్ దేశీయుడు ఆంటన్ గీసింక్, దాదాపు రెండు మీటర్ల ఎత్తు మనిషి, కమినగ అకియోను తొమ్మిది నిమిషాల తరువాత నేలకు అదిమిపట్టి గెలిచాడు. సభ మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆనందం పట్టలేక అతని దేశస్థులు బూట్లతోనే మ్యాట్ మీదికి పరుగెత్తుకొస్తుంటే, గీసింక్ ఇంకా లేవకముందే చేయి ఎత్తి వాళ్లను ఆపాడు. తరువాత దుస్తులు సర్దుకుని, ఓడినవాడికి వంగి నమస్కరించాడు.

జపాన్ సాధకులు ఆ ఓటమిని క్షమించింది ఆ ఎత్తిన చేతివల్లనే. గీసింక్ పెద్ద శరీరంతో మాత్రమే గెలిచాడన్న మాట అక్కడ నిలబడలేదు. అతను ఏళ్ల తరబడి జపాన్ వచ్చి, తెన్రి విశ్వవిద్యాలయంలో వాళ్ల మధ్యనే పడిలేచి నేర్చుకున్నవాడు, 1961లోనే ప్రపంచ విజేత. తమ విద్య తమ చేయి దాటిపోయిందన్న బాధ, అది దాని మర్యాదతో సహా దాటిందన్న ఊరట ఆ ఒక్క క్షణంలో కలిసిపోయాయి. అంతర్జాతీయ జూడో సమాఖ్య తరువాత అతనికి పదో దాన్ ఇచ్చింది. కొడొకాన్ ఇవ్వలేదు. ఒకే హోదాకు రెండు పట్టికలు ఉండటం చూస్తే, సంస్థ ఖాతా కూడా ఒకటి కాదని తేలుతుంది.

నడవడి గురించి చెప్పుకునేటప్పుడు 1984 లాస్ ఏంజెలస్ ఫైనల్ తప్పక వస్తుంది, అక్కడ కొంత జాగ్రత్త కూడా అవసరం. యమషిత యసుహిరొ ఓటమి లేకుండా 203 పోటీలు సాగించి 1985లో ఆట విరమించినవాడు. 1980 మాస్కో ఒలింపిక్స్‌ను జపాన్ బహిష్కరించడంతో అతని యవ్వనంలో ఒక అవకాశం పోయింది. నాలుగేళ్ల తరువాత లాస్ ఏంజెలస్‌లో తొలి పోటీల్లోనే కుడి పిక్క కండరం చిట్లింది. కుంటుతూ ఫైనల్‌కు వచ్చాడు. ఎదురుగా ఈజిప్టుకు చెందిన మహమ్మద్ అలీ రష్వాన్. యమషిత సుమారు ఒక్క నిమిషంలోనే అతన్ని అదిమిపట్టి గెలిచాడు. గాయపడిన కాలిమీద దాడిచేయడం తన విశ్వాసానికి విరుద్ధమని రష్వాన్ అన్నాడు. బహుమతి వేదిక ఎక్కడానికి యమషితకు చేయి అందించాడు. అంతర్జాతీయ ఫెయిర్ ప్లే పురస్కారం అతనికి వచ్చింది.

కథగా ఇది నిండుగా ఉంది. ఆ దృశ్యాలను నిదానంగా చూసిన సాధకుల్లో మాత్రం రష్వాన్ గాయమైన కాలివైపు అసలు వెళ్లనే లేదా అన్నదానిమీద వాదన ఉంది. పోటీ వేడిలో ఒక్కో అడుగుకూ ఉద్దేశం ఆపాదించడం కష్టం. నా ఉద్దేశంలో ఇక్కడ సాధకులు గౌరవించవలసింది కాలిని వదిలిపెట్టడాన్ని కాదు. జూడోలో ఎదుటివాడి బలహీనతను వెతికి పట్టుకోవడం తప్పు కాదు. పూర్తి శక్తితో పోరాడటమే ఎదుటివాడికి ఇచ్చే మర్యాద అనే వాదం ఈ విద్యలో బలంగా ఉంది. ఎదుటివాడిని జాలితో ఓడకుండా వదిలితే గెలిచినవాడి పతకానికి విలువ ఏముంటుంది? యమషితకు ఆ పతకం తన పోరాటంవల్లే వచ్చింది. రష్వాన్‌కు గౌరవం ఓడిన మరునిమిషంలో వేదిక దగ్గర చాచిన చేతివల్ల వచ్చింది. ఈ రెంటినీ ఒకే కథలో కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది.

మన భాషలో ఈ విషయానికి ఒక చిన్న ఆనవాలు ఉంది. ఉస్తాద్ అంటే గురువు. ఆ మాట తెలుగులోకి వచ్చి 'వస్తాదు' అయ్యేసరికి అర్థం జారింది. వస్తాదంటే మనకు కండలు తిరిగిన మల్లుడు. నేర్పేవాడు పోయి బలవంతుడు మిగిలాడు. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి 'కలియుగ భీముడు' అనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పేరు చెబితే ఛాతీకి చుట్టిన గొలుసు తెంచడం, కార్లను ఆపడం గుర్తుకొస్తాయి. సర్కసుకు ముందు ఆయన విజయనగరంలో వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడని గుర్తుచేసుకునేవాళ్లు తక్కువ. జనం ఖాతా ఎప్పుడూ ప్రదర్శననే రాసుకుంటుంది. జపాన్ మాట 'సెన్సెయి'కి ముందు పుట్టినవాడు అని అర్థం; అందులో బలం ప్రస్తావనే లేదు, ముందు నడిచాడన్నదే ఉంది.

అయితే ముందు నడిచినవాడి ముందు వంగడాన్ని నియమంగా మార్చిన చోట గౌరవం చాలా సులభంగా భయమవుతుంది. జూడోలో ప్రతి సాధనకూ మొదట, చివర వంగి నమస్కరించాలి. ఇది మంచి అలవాటే. రందోరిలో ఎదుటివాడు తన శరీరాన్ని నీ చేతికి అప్పగిస్తున్నాడు, దానికి కృతజ్ఞత. కానీ తప్పనిసరి నమస్కారానికీ, సంపాదించుకున్న గౌరవానికీ తేడా చెరిగిపోతే ఏమవుతుందో 2013లో జపాన్ చూసింది. జాతీయ జట్టులోని 15 మంది మహిళా క్రీడాకారులు తమను శిక్షకులు వెదురు కత్తితో కొడుతున్నారని, చెంపదెబ్బలు కొడుతున్నారని ఒలింపిక్ కమిటీకి చేసిన ఫిర్యాదు ఆ ఏడాది మొదట్లో బయటపడి, ప్రధాన శిక్షకుడు రాజీనామా చేశాడు. అదే ఏడాది, రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఒక జూడో వీరుడికి తన శిష్యురాలిపై అత్యాచారం చేసిన నేరానికి టోక్యో కోర్టు ఐదేళ్ల జైలు వేసింది. 1983 తరువాతి సుమారు మూడు దశాబ్దాల్లో జపాన్ పాఠశాలల్లో జూడో సాధనలో 100 మందికి పైగా పిల్లలు చనిపోయారని తేలింది. తలకు తగిలిన దెబ్బలు అందులో ప్రధానం, ఎక్కువగా వినబడిన విసురు ఓసోతొ-గారి. కిమురను ఏ విసురు పేరుతో తలుస్తారో అదే విసురు, పడటం ఇంకా రాని పిల్లవాడి మీద.

ఇది కిముర దోషం కాదు, కానీ మెచ్చుకోలులోని ప్రమాదం ఇదే. అతిరథుల కఠోర సాధన కథలు చెప్పుకుని మురిసే శిక్షకుడు, ఆ కాఠిన్యం వాళ్లు తమ మీద తాము వేసుకున్నదని మరిచి, దాన్ని పన్నెండేళ్ల పిల్లవాడి మీద వేస్తే అది సంప్రదాయం కాదు. ప్రతి డోజోలో, అంటే సాధనశాలలో, మొదటి వారాల్లో నేర్పేది పడే విద్య. వీపుమీద, పక్కకు, ముందుకు, చేత్తో మ్యాట్‌ను కొట్టి తలను కాపాడుకుంటూ పడటం. నేను చూసినంతలో మంచి శిక్షకుడిని గుర్తుపట్టడానికి సులువైన మార్గం, అతను విసిరేటప్పుడు ఎదుటివాడి చొక్కాచేతిని చివరిదాకా వదలకుండా పైకి లాగి పట్టుకుంటున్నాడా అని చూడటమే. ఆ లాగుడువల్లే పడేవాడి తల నేలకు తగలదు. పోటీల టీవీ ప్రసారాల్లో ఎవరూ దాన్ని గమనించరు, పడినవాడు మాత్రం ఆ చేతిని మరిచిపోడు.

స్త్రీల కథ దగ్గర ఈ ఖాతాల తేడా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. 1959లో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన వై.ఎం.సి.ఎ. జూడో పోటీలో రస్టీ అనే యువతి జుట్టు కత్తిరించుకుని, ఛాతీకి గుడ్డ చుట్టుకుని, మగవాళ్ల జట్టులో పాల్గొని తన పోటీ గెలిచింది. నిర్వాహకులు నువ్వు స్త్రీవా అని అడిగారు, ఆమె అబద్ధం చెప్పలేదు, పతకం తీసేసుకున్నారు. తరువాత రస్టీ కనొకొగి పేరుతో ప్రసిద్ధురాలైన ఆమె 1980లో తొలి మహిళా ప్రపంచ జూడో పోటీలను న్యూయార్క్‌లో జరిపించింది. 1988లో ప్రదర్శన క్రీడగా, 1992లో పూర్తి స్థాయిలో మహిళల జూడో ఒలింపిక్స్‌లోకి రావడం వెనుక ఆమె పట్టుదల ఉంది. తీసుకున్న పతకాన్ని 2009లో, ఆమె మరణించిన ఏడాదే, తిరిగి ఇచ్చారు. యాభై ఏళ్లపాటు పతకం ఒక చోట, గౌరవం మరో చోట ఉన్నాయి.

కెయికో ఫుకుద మరింత నిదానమైన కథ. కానోకు తొలి గురువుల్లో ఒకరైన ఫుకుద హచినొసుకె మనవరాలు ఆమె. ఆ రుణం గుర్తుంచుకుని కానో స్వయంగా పిలవగా 1935లో కొడొకాన్ మహిళా విభాగంలో చేరింది. ఎత్తు ఐదు అడుగుల లోపు, బరువు 45 కిలోల చుట్టూ. పెళ్లి చేసుకుంటే జూడో మానవలసి వస్తుందని పెళ్లే మానుకుంది. 1953లో ఐదో దాన్ వచ్చింది. స్త్రీలకు అంతకు మించి ఇవ్వకూడదన్న కట్టుబాటువల్ల ఆమె అక్కడే ఇరవై ఏళ్లకు దగ్గరగా నిలిచిపోయింది. అదే కాలంలో ఆమె నేర్పిన మగ శిష్యులు ఆమెను దాటి పైకి పోవడానికి ఏ అడ్డూ లేదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె ప్రదర్శించిన 'జు-నొ-కతా', మెత్తదనపు కతా, ఈనాటికీ సాధకులకు ఒరవడి. 1966లో అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలోని మిల్స్ కళాశాలలో నేర్పి, శాన్ ఫ్రాన్సిస్కోలో మహిళల కోసం డోజో పెట్టి అక్కడే స్థిరపడింది. ఆరో దాన్ 1970ల ఆరంభంలో గానీ రాలేదు, అదీ ఆమె శిష్యురాళ్లూ మిత్రులూ ఒత్తిడి చేసిన తరువాత.

2006 జనవరిలో కొడొకాన్ ముగ్గురు పురుషులకు పదో దాన్ ఇచ్చిన సమయంలోనే ఆమెకు తొమ్మిదో దాన్ ఇచ్చింది. ఒక స్త్రీకి ఆ హోదా ఇవ్వడం అదే మొదటిసారి. 2011లో అమెరికా జూడో సంస్థ పదో దాన్ ప్రకటించింది. అప్పటికి ఆమెకు 98 ఏళ్లు, కానో నేరుగా నేర్పిన శిష్యుల్లో జీవించి ఉన్న ఆఖరి వ్యక్తి. ఆ వయసులోనూ వారానికి మూడు రోజులు డోజోకు వచ్చేది. మోకాళ్లు సహకరించక కుర్చీలోనే కూర్చుని, మ్యాట్‌మీద కతా చేస్తున్న శిష్యురాలి వేళ్లు చొక్కాను ఎక్కడ పట్టుకుంటున్నాయో చూస్తూ, ఒక అంగుళం తేడా వచ్చినా ఆపించి మళ్లీ చేయించేది. 2013 ఫిబ్రవరి 9న, 99 ఏళ్ల వయసులో, శాన్ ఫ్రాన్సిస్కోలోనే కన్నుమూసింది.